తూములో పచ్చముద్ద

పాత ఫోమ్ కడగడమంటే బట్టలుతకడం కాదు. ఆ సంగతి ఇంట్లో ఎన్నిసార్లు చెప్పినా ఎవరి చెవికీ ఎక్కదు. "స్పాంజి ముక్కలేగా, ఓసారి జాడించి ఆరేస్తే పోలా?" అంటుంది భార్య. జాడిస్తే పోయేదైతే రైలాయన ఆదివారం పూటా డాబా మీద గొంతుక్కూర్చుని, నడుం పట్టేసి, ఇన్ని తంటాలు ఎందుకు పడతాడు?

ఆయనకి రైల్వేలో ఉద్యోగమేం లేదు. కళ్లజోళ్ల దుకాణంలో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించే పని. డాబా మీది గదిలో పెద్ద బల్ల మీద పట్టాలు పరిచి, వేలెడంత రైలు, అగ్గిపెట్టెంత స్టేషను, దాని వెనక ఓ కొండ కట్టుకుంటున్నాడు కాబట్టి అపార్ట్‌మెంట్‌లో అందరికీ రైలాయన అయిపోయాడు. ఎదురుపడితే సార్ అంటారు, అటు తిరగ్గానే రైలాయన అంటారు. ఆ గది ఆయనది కాదు, అందరిదీ. విరిగిన కుర్చీలూ పాత నిచ్చెనలూ పడేసుకునే గది. "ఎవరికీ ఇబ్బంది లేనంతకాలం వాడుకోండి సార్" అన్నాడు సెక్రటరీ తాళం చేతిలో పెడుతూ. ఆ ఒక్క మాట మీదే కొండా రైలూ నిలబడి ఉన్నాయి.

ఈసారి కడగాల్సింది గుప్పెడో దోసెడో కాదు. ఈ సరదా మానుకున్న ఓ పెద్దాయన తన పాత కొండని ముక్కలు చేసి, అట్టపెట్టెల్లో సర్ది, "నువ్వైనా వాడుకో" అని ఇచ్చేశాడు. కొండంటే ప్లాస్టరు పూసిన అట్ట. దాని మీద గడ్డిలాగా పొదల్లాగా తురిమిన ఫోమ్ అంటించి ఉంటుంది. ఏళ్ల తరబడి దుమ్ము తాగి అది కాస్తా బూడిదరంగుకి తిరిగింది. కొత్త ఫోమ్ కొనుక్కోవచ్చుగా అంటారు తెలియనివాళ్లు. కొత్తది మరీ పచ్చన. కొండ మీద చల్లితే రంగు డబ్బా ఒలకబోసినట్టుంటుంది. పాతదానికి పట్టిన దుమ్ము వదిలించాక లోపల్నుంచి ఒక వెలిసిన పచ్చ బయటపడుతుంది చూడండి, ఎండలు ముదిరాక గడ్డికుండే పచ్చ, అది ఏ దుకాణంలోనూ దొరకదు. వచ్చే నెల స్కూలు హాల్లో బొమ్మరైళ్ల ప్రదర్శన. అడగ్గా అడగ్గా ఈసారికి ఆయనకీ ఓ బల్ల కేటాయించారు. అక్కడ ఆ పచ్చే ఉండాలని ఆయన పట్టుదల.

ముందు గోరువెచ్చని నీళ్లలో నానబెట్టాలి. తెల్ల జిగురు మెత్తబడి ఫోమ్ పైకి తేలుతుంది, ప్లాస్టరు రజను అడుక్కి పోతుంది. తేలినదాన్ని టీ వడగట్టే జల్లెడతో తోడి, సబ్బునీళ్లలో వేసి, అరచేతులతో నొక్కాలి. పిసికితే పొడైపోతుంది. తర్వాత నురగ అన్నది కనబడకుండా జాడించాలి. సబ్బు మిగిలిందంటే రేపు జిగురు పట్టదు. ఆరబెట్టడం నీడలోనే, ఎండకి పెడితే పెళుసెక్కి వేలు తగిలితే రాలిపోతుంది. ఇక అసలు పని కడిగిన నీళ్లతో. పాత బనీను గుడ్డ మడిచి ఖాళీ బకెట్టు మూతికి కట్టి, ఆ నీళ్లని నెమ్మదిగా వడగట్టి, ఆ తర్వాతే పారబొయ్యాలి. కంటికి ఆనని ఫోమ్ పొడి, కరిగిన జిగురు, ప్లాస్టరు రజను, మూడూ అందులోనే ఉంటాయి. ఆ మూడూ ఒకచోట చేరి బిగిశాయంటే రాయే.

ఇదంతా ఆయనకి తెలియక కాదు. కొత్తగా ఈ సరదాలో దిగినవాళ్లకి వేలు చూపించి మరీ చెప్పేవాడే. కానీ ఆ ఆదివారం గుడ్డ మాటిమాటికీ పూడుకుపోయింది. నీళ్లు బొట్టు బొట్టుగా తప్ప దిగవు. గుడ్డ విప్పి, దులిపి, కట్టి, మళ్లీ పోస్తే మళ్లీ అదే తంతు. కింద నుంచి భార్య భోజనానికి పిలిచీ పిలిచీ ఊరుకుంది. నడుం ఇక నా వల్ల కాదంది. "ఛీ, ఎంతసేపని!" అని గుడ్డ పీకి అవతల పడేసి, బకెట్టు తర్వాత బకెట్టు డాబా తూములో గుమ్మరించేశాడు. వెనకాలే మంచినీళ్లు నాలుగు చెంబులు పోశాడు. తూము గుటగుటా తాగేసింది. పీడా పోయింది అనుకున్నాడు.

మంగళవారం పొద్దున క్యారేజీ పట్టుకుని మెట్లు దిగుతుంటే కింద వాకిట్లో గోల. కింది వాటాలో బట్టలు కుట్టే టైలరమ్మ గుమ్మంలో నిలబడి నెత్తి కొట్టుకుంటోంది. ముందురోజు సాయంత్రం ఆమె స్నానాల గదిలోంచి నీళ్లు పైకి తన్నుకొచ్చి ముందుగదంతా పారాయి. నేల మీద మూటలు కట్టిపెట్టిన, జనం కుట్టమని ఇచ్చిన బట్టలన్నీ తడిసి, ఎరుపు తెలుపుకి అంటి, నీలం పసుపుకి అంటి, ఇప్పుడు దండెం మీద వేలాడుతున్నాయి.

"వాళ్లకి నేనేం మొహం చూపించను? నమ్మి ఇచ్చిన బట్టలు. ఒక్కొక్కళ్లూ వస్తారు, ఏం చెప్పను?"

గోడవార పైపు మలుపు విప్పి ప్లంబరు చెయ్యి లోపలికి దూర్చాడు. మోచేతి దాకా దూర్చి, పళ్లు బిగబట్టి, గుంజి గుంజి పిడికెడు ముద్ద బయటికి తీశాడు. పచ్చగా, గట్టిగా ఉంది.

"ఇదిగోండి దొంగ. గిన్నెలు తోమే పచ్చ స్క్రబ్బరు. ముక్కలు ముక్కలుగా పోయి పేరుకుంది."

అంతే, అందరి తలలూ ఒక్కసారిగా మెట్లమ్మ వైపు తిరిగాయి. ఆమె మెట్లు కడిగే మనిషి. ఆమెకీ ఓ పేరుండే ఉంటుంది, అపార్ట్‌మెంట్‌లో ఎవరూ అడిగిన పాపాన పోలేదు. మెట్ల మీద మరకలు ఆమె పచ్చ స్క్రబ్బరుతోనే రుద్దుతుంది. బకెట్టు డాబా మీదే కడుక్కుంటుంది. ఇంకేం కావాలి?

"తుక్కు తూములో వెయ్యొద్దని ఎన్నిసార్లు చెప్పాలి?" అన్నాడు సెక్రటరీ.

"నేను తూములో వెయ్యను సార్. అరిగిపోయినవి చెత్తబుట్టలోనే పడేస్తాను."

"మరి ఇది ఆకాశంలోంచి ఊడిపడిందా?"

ఆమె ఆ ముద్ద చేతిలోకి తీసుకుంది. అటూ ఇటూ తిప్పి, గోటితో గిల్లి, వెలుతురు వైపు పట్టి చూసింది. చూస్తున్నకొద్దీ ఆమె మొహంలో ధైర్యం తగ్గిపోవడం రైలాయన కళ్లారా చూశాడు.

"ఏమో సార్. మొన్నామధ్య ఒకటి కనబడకుండా పోయింది. బకెట్టు వంపేటప్పుడు జారిందేమో. తప్పైపోయింది సార్. ఈ ఒక్కసారికీ వదిలెయ్యండి. అమ్మా, నీ బట్టలు నేను ఉతికిస్తాను" అంది టైలరమ్మతో.

"ఉతికితే పోయే రంగులా అవి! కళ్లున్నాయా లేవా?"

రైలాయన మూడు మెట్ల పైన ఆగిపోయాడు. స్క్రబ్బరుకి ఆ పచ్చ ఉండదు. అది ఎండలు ముదిరాక గడ్డికుండే పచ్చ. అక్కడున్నవాళ్లలో అది తెలిసింది తనొక్కడికే. నాది అనాలి. రెండక్షరాలు. చొక్కా జేబులో గది తాళంచెవి గుండెకే గుచ్చుకుంటున్నట్టుంది. ఎవరికీ ఇబ్బంది లేనంతకాలం. టైలరమ్మ దండెం మీద వేలాడుతున్నది ఇబ్బంది కాకపోతే మరేంటి? ఒక్క నిమిషం ఆగి, అందరూ వెళ్లాక, సెక్రటరీని పక్కకి పిలిచి చెప్దాం అనుకున్నాడు. ఆ ఒక్క నిమిషంలోనే అయిపోయింది.

"రేపట్నుంచి రావద్దు."

"సార్..."

"చెప్పాగా."

మెట్లమ్మ చీపురు గోడకి చేరవేసింది. తుడిచే గుడ్డ పిండి, దులిపి, పనిలోంచి తీసేసినదాన్ని నాకెందుకులే అనుకోకుండా చక్కగా మడతలు సరిచేసి మేకుకి తగిలించింది. చెప్పులు పైన వదిలిందేమో, మెట్లెక్కుతూ రైలాయన పక్కనుంచి వెళ్లింది.

"కాస్త పక్కకి జరగండి సారూ. తడిగా ఉంది, జారుతుంది" అంది.

ఆయన జరిగాడు. దుకాణానికి టైమైపోయిందని వెళ్లిపోయాడు.

ఆ రోజు దుకాణంలో ఓ జత అద్దాలు తప్పు కొలతకి అరగదీశాడు. ఇంకో జత తీసుకుంటే అదీ అంచు పగిలింది. "ఏంటి మాస్టారూ, ఇవాళ మీ కళ్లకే అద్దాలు కావాలా?" అని యజమాని నవ్వితే, మామూలుగా అయితే తనూ నవ్వేవాడు, ఆ రోజు చిర్రెత్తుకొచ్చింది. సాయంత్రం ఇంటికొచ్చి చెప్పులు ఒకటక్కడ ఒకటిక్కడ విడిచి, వంటింటి గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాడు.

"పైపులో దొరికింది స్క్రబ్బరు కాదు" అన్నాడు.

"తెలుసు" అంది భార్య, కడుగుతున్న గిన్నె మీంచి తలెత్తకుండా.

"ఎలా తెలుసు?"

"ఎలా తెలుసేంటి? ఈ ఇంట్లో దువ్వెనలో ఆ పచ్చపొడే, దిండు కింద ఆ పచ్చపొడే, మొన్న చారులో కూడా అదే. కిటికీలోంచి ఆ ముద్ద చూడగానే మా ఆయనదే అనుకున్నా."

"మరి చెప్పలేదే?"

"మీరు అక్కడే ఉన్నారుగా. మీరు చెప్తారని చూశా."

"చెప్తే గది పోతుంది" అన్నాడు చివరికి.

"గది పోతే ఆ కొండ ఎక్కడికొస్తుంది? నా ముందుగదిలోకి. ఆ సంగతి నాకు తట్టలేదనుకున్నారా? అందుకే నేనూ నోరు మూసుకున్నా." గిన్నె బోర్లించి చేతులు తుడుచుకుంది. "బాగానే దొరికాం ఇద్దరం ఒకళ్లకొకళ్లం."

"ఆమెకి ఇంకెక్కడైనా పని చూపిద్దాం. మా దుకాణం ఉన్న వీధిలో..."

"మీ తప్పు ఆమె నెత్తిన రుద్ది, పైన దయ చూపిస్తారా?"

"అయితే ఏం చెయ్యమంటావు చెప్పు!"

"నామీద అరిస్తే ఏమొస్తుందండీ? అరవాల్సిన చోట నోరు పెగల్లేదు, ఇక్కడ మాత్రం అరుపులు."

విసురుగా డాబా ఎక్కి గది తలుపు తీశాడు. కడిగిన ఫోమ్ పాత పేపర్ల మీద నీడలో ఆరుతోంది. రంగు అనుకున్నట్టే వచ్చింది. ఆ పచ్చ చూస్తే ప్రాణం లేచి రావాల్సింది. కొండకి ఓ పక్కన జిగురు పూసి, చిటికెడు ఫోమ్ చల్లి, వేలితో అదిమాడు. కాసేపు నిలిచింది. తర్వాత మెల్లగా కిందికి జారింది. ఇంకోచోట పూశాడు, అక్కడా అంతే. సబ్బు మిగిలిపోయింది. ఆ తొందరలో సరిగ్గా జాడించలేదు. మళ్లీ కడగాలి. కడిగితే మళ్లీ ఆ నీళ్లు. చేతిలో బ్రష్షు గోడకేసి కొట్టాడు. అది కొండ వెనకాల ఎక్కడో పడింది. వంగి తీసే ఓపిక కూడా లేక అలాగే తలుపు వేసుకొచ్చేశాడు. మెట్ల మీద అప్పుడే దుమ్ము, ఎవరో తాగి పారేసిన టీ కప్పు, పిల్లలు చించి పడేసిన బిస్కెట్ కాగితం. ఎవరూ తియ్యలేదు. ఎవరు తీస్తారు?

ఇంకో రోజు అలాగే గడిచింది. ఆ మర్నాడు సాయంత్రం ఇక ఉండబట్టలేక సెక్రటరీ ఇంటి బెల్లు కొట్టాడు. కొట్టాక వెనక్కి తిరిగి పారిపోదామా అనిపించింది. ఈలోపు తలుపు తెరుచుకుంది.

"రండి రండి సార్! ఎన్నాళ్లకి! కూర్చోండి."

రైలాయన కూర్చోలేదు. నిలబడే గడగడా చెప్పేశాడు. ఫోమ్, జిగురు, ప్లాస్టరు, గుడ్డ పూడుకుపోవడం, బకెట్లు గుమ్మరించడం, అంతా. చెప్తున్నంతసేపూ ఆయన చెయ్యి జేబులో తాళంచెవి మీదే ఉంది. అడగ్గానే తీసి ఇచ్చెయ్యాలి కదా.

సెక్రటరీ ముందు కళ్లు పెద్దవి చేశాడు. తర్వాత పొట్ట పట్టుకుని నవ్వాడు.

"గడ్డేనా! కొండ మీది గడ్డి వచ్చి పైపులో మొలిచిందా! ఏమోయ్, విన్నావా?" అని లోపలికి కేకేశాడు. "సార్‌కి టీ పట్రా. అయ్యో, దీనికి ఇంత ఇదైపోవాలా సార్? మీరు కావాలని చేశారా ఏంటి? ఓ జాలీ కొని తూముకి పెట్టించండి, అయిపోయె."

"మరి గది?"

"గదికేమైంది? మా మనవడు మీ రైలు చూడాలని ఒకటే గొడవ. ఆదివారం తీసుకొస్తాను."

రైలాయన అప్పుడు కూర్చున్నాడు. టీ వచ్చింది. తాగాడు. బాగానే ఉంది, చక్కెర సరిపోయింది.

"అయితే మెట్లమ్మని రేపు పిలిపించండి సార్" అన్నాడు కప్పు కింద పెట్టి.

"అది కుదరదు సార్."

"ఆమె తప్పేం లేదుగా."

"లేదనుకోండి. కానీ ఒకసారి పొమ్మన్నవాళ్లని మళ్లీ పిలిస్తే రేపు మన మాటెవరు వింటారు? పైగా తనే ఒప్పుకుంది కదా, నేనేమైనా ఒప్పించానా? సోమవారం నుంచి కొత్తామె వస్తోంది, మాటైపోయింది." గొంతు తగ్గించాడు. "ఇది మనిద్దరి మధ్యే ఉండనివ్వండి. టైలరమ్మ చెవిన పడిందంటే ఇక పట్టలేం."

మెట్ల మీదికొచ్చాక గాని ఒళ్లు మండడం మొదలుకాలేదు. ఇన్ని రోజులు దేనికి భయపడి చచ్చాడో అది ఒక కప్పు టీతో తేలిపోయింది. చేసిన తనకేమో జాలీ. చెయ్యని ఆమెకేమో పొమ్మనడం. సెక్రటరీ మీద కోపమొచ్చింది. నవ్వినందుకు కాదు, తిట్టనందుకు. తిడితే ఎక్కడో ఒకచోట తూగేది. ఆ టీ తాగకుండా ఉండాల్సింది అనుకున్నాడు. అదీ తాగేశాక.

రెండు వీధుల అవతల ఇంకో అపార్ట్‌మెంట్‌లో కూడా మెట్లమ్మ పనిచేస్తుందని భార్య చెప్పింది. మర్నాడు దుకాణానికి సెలవు పెట్టి పొద్దున్నే అక్కడికి వెళ్లాడు. రెండో అంతస్తు మెట్ల మీద మోకాళ్ల మీద వంగి రుద్దుతూ కనిపించింది. ఆమె చేతిలో స్క్రబ్బరుకి ఒక దారం. ఆ దారం రెండో కొస ఆమె మణికట్టుకి ముడేసి ఉంది. రుద్దినప్పుడల్లా దారం బకెట్టు పిడికి తగులుకుంటోంది. విడదీసుకుని మళ్లీ రుద్దుతోంది.

"అదేంటమ్మా, చేతికి దారం?" అన్నాడు. చెప్పాలనుకుని వచ్చినది ఇది కాదు.

"జారిపోకుండా సారూ. ఇక్కడ కూడా పోగొడితే ఇదీ ఉండదు." చీర చెంగుతో మొహం తుడుచుకుంది. "మీరేంటి ఇటొచ్చారు?"

చెప్పాడు. ఈసారి గడగడా రాలేదు. ఒక్కో మాటా తవ్వి తియ్యాల్సొచ్చింది. ఆమె వింటూ వింటూ స్క్రబ్బరు నేల మీద పెట్టేసింది.

"అంటే నేను కాదా?"

"కాదు."

"నిజంగా కాదా?"

"నువ్వు కాదమ్మా. నేను."

ఆమె గోడకి ఆనుకుని మెట్టు మీద కూర్చుంది. కాసేపు తన చేతులకేసే చూసుకుంది. తర్వాత ముడి పళ్లతో లాగి తెంపి దారం అవతల పడేసింది.

"మా అమ్మాయి మొత్తుకుంది సారూ, నువ్వలా పారేసేదానివి కాదమ్మా అని. నేనే దాన్ని కసిరా. వయసు మీదపడుతోంది, ఏం చేస్తున్నానో నాకే తెలియట్లేదు అన్నా. నిన్న పొయ్యి ఆపానో లేదోనని సగం దారిలోంచి వెనక్కెళ్లా. ఇన్నాళ్లూ నా చేతుల్నే నేను తిట్టుకుంటున్నా." గొంతు పైకి లేచింది. "మీరు ఆ రోజు అక్కడే ఉన్నారు కదా?"

"ఉన్నాను."

"జారుతుంది, జరగండి అన్నాను మీతో."

"అన్నావు."

"అప్పుడే తెలుసా మీకు?"

"తెలుసు."

ఆమె ముక్కుపుటాలు అదిరాయి. ఏ తిట్టు తిడితే బాగుండునో వెతుక్కుంటున్నట్టుంది. ఏదీ సరిపోలేదు కాబోలు, వదిలేసింది.

"సెక్రటరీకి చెప్పేశాను" అన్నాడు రైలాయన. "నిన్ను మళ్లీ పెట్టుకోమని అడిగాను కూడా."

"ఎక్కడ చెప్పారు?"

"వాళ్లింట్లో."

"కూర్చోబెట్టాడా?"

"ఆఁ."

"టీ ఇచ్చాడా?"

ఆయన నేల చూశాడు.

"ఇచ్చే ఉంటాడు. నన్నెక్కడ అన్నారు సారూ? వాకిట్లో. పాలవాడూ స్కూలు పిల్లలూ చూస్తుండగా. టైలరమ్మ ఎదుర్రోడ్డు దాకా వినబడేలా తిట్టింది. మీరేమో తలుపేసుకుని చెప్పొచ్చారు. నాకు చెప్తే నాకేమొస్తుంది? ఎక్కడ అన్నారో అక్కడ చెప్పండి."

"అక్కడ చెప్తే నాకా గది ఉండదమ్మా" అనేశాడు. అన్నాక నాలుక కరుచుకున్నాడు.

"ఆ రైలు గదా?"

"అదే."

ఆమె నవ్వుతుందనుకున్నాడు. నవ్వలేదు. "కష్టమే" అంది. "నాకు తెలుసు, ఎంత చూసుకుంటారో దాన్ని. లోపల ఊడుస్తానన్నా రానివ్వలేదు మీరు." లేచి బకెట్టు అందుకుంది. "రేపు పొద్దున పిల్లలు స్కూలుకెళ్లే వేళకి వస్తా. అప్పుడైతే అందరూ కిందే ఉంటారు. చెప్తే చెప్పండి. లేకపోతే నేను నిలబడి నిలబడి పోతాను."

మర్నాడు ఆమె అన్న వేళకే వచ్చింది. గేటు దగ్గర గోడకి ఆనుకుని నిలబడింది. చేతిలో చీపురు లేదు, కొంగు నడుముకి దోపుకోలేదు, అందుకని ఒకరిద్దరు గుర్తుపట్టకుండానే పక్కనుంచి వెళ్లిపోయారు. రైలాయన ఓ పళ్లెంలో కడిగిన ఫోమ్ వేసుకుని మెట్లు దిగాడు. మెట్లు ఎప్పుడూ లేనంత పొడుగ్గా ఉన్నాయి. చివరి మెట్టు మీద ఆగాడు. దిగితే నోరు పెగలదని భయమేసింది.

"అందరూ ఒక్క నిమిషం ఇటు వినండి" అన్నాడు. గొంతు పీలగా వచ్చింది. ఎవరూ వినలేదు. "వినండి!" అని అరిచాడు. పిల్లలతో సహా అందరూ ఆగారు.

"ఆ రోజు పైపులో దొరికింది స్క్రబ్బరు కాదు. ఇది. నా కొండ మీది గడ్డి. ఆదివారం నేనే కడిగి ఆ నీళ్లు వడగట్టకుండా తూములో పోశాను. మెట్లమ్మకి దీంతో ఏ సంబంధమూ లేదు. ఆమెని తిడుతున్నప్పుడు నేనిక్కడే, ఈ మెట్ల మీదే నిలబడి ఉన్నాను. నాకు తెలుసు. తెలిసీ నోరు మెదపలేదు."

"నాకూ తెలుసు" అంది వెనక నుంచి భార్య. ఆమె ఎప్పుడు దిగి వచ్చిందో ఆయన చూడనేలేదు. "నేనూ చెప్పలేదు."

టైలరమ్మ వచ్చి పళ్లెంలోంచి చిటికెడు తీసుకుని వేళ్ల మధ్య నలిపింది. నలిపి వాసన చూసింది. ఆ తర్వాత మొదలైంది.

"అయ్యో అయ్యో! బొమ్మలాటకా నా బట్టలు నాశనమైంది? రంగులంటిన బట్టలు చేత్తో పట్టుకుని ఇల్లిల్లూ తిరిగాను అన్నయ్యా, కాళ్లా వేళ్లా పడ్డాను! అటూ ఇటూ వెళ్తూ రోజూ నన్ను చూస్తూనే ఉన్నారు కదా, మీకు మనసెలా ఒప్పింది?" ఆయన జవాబు కోసం ఆమె ఆగలేదు, సెక్రటరీ వైపు తిరిగింది. "ఎవరికీ ఇబ్బంది లేకపోతేనే అని కదా గది ఇచ్చింది? నాకంటే ఇబ్బంది పడ్డవాళ్లెవరున్నారు? చెప్పండి!"

సెక్రటరీ రైలాయన వైపు ఒక చూపు చూశాడు. మన మధ్యే ఉండనివ్వమంటే ఏంటయ్యా ఇది అన్నట్టుంది ఆ చూపు. గుంపులో ఇంకో ఇద్దరు టైలరమ్మకి వంతపాడారు. ఇక ఆయనకి దారి లేకపోయింది.

"రేపు ఆదివారం గది ఖాళీ చెయ్యండి సార్. తాళం ఇప్పుడే ఇచ్చెయ్యండి, సామాన్లు తీసుకునేటప్పుడు నన్ను పిలవండి."

రైలాయన జేబులోంచి తాళంచెవి తీసి ఇచ్చాడు. స్కూలు హాల్లో తన బల్ల ఒక్కసారి కళ్లముందు మెదిలింది. దాని మీద ఏముంటుంది? ఏమీ ఉండదు. ఏడుపొచ్చినంత పనైంది.

అప్పుడు మెట్లమ్మ గోడ దగ్గర్నుంచి కదిలి సెక్రటరీ ఎదురుగా వచ్చి నిలబడింది.

"సార్, మరి నా సంగతి?"

"నీ సంగతేంటి, విన్నాంగా. సరే, సోమవారం నుంచి నువ్వే రా. కొత్తామెకి వద్దని చెప్తాలే."

"అది తర్వాత సార్. నాది తప్పు కాదు అనండి."

"ఆయన చెప్పారుగా ఇప్పుడే!"

"ఆయన చెప్పారు. నన్నన్నది మీరు."

సెక్రటరీ అటూ ఇటూ చూశాడు. పిల్లలు నోళ్లు తెరుచుకుని చూస్తున్నారు. "నీ తప్పు కాదు" అన్నాడు గడ్డం గోక్కుంటూ. "పొరపాటు పడ్డాం."

మెట్లమ్మ టైలరమ్మ వైపు తిరిగింది. టైలరమ్మ చేతిలోని ఫోమ్ దులిపేసుకుంది. "నోటికొచ్చినట్టు అన్నాను, ఏమనుకోకు" అంది. ఈసారి గొంతు ఎదుర్రోడ్డు దాకా పోలేదు గాని, వాకిలంతా విన్నది.

"సరే అయితే" అంది మెట్లమ్మ. "నేను సోమవారం రాను సార్. ఇక్కడ రాను. కొత్తామెనే రమ్మనండి."

ఎవరూ ఏమీ అనకముందే గేటు వైపు నడిచింది. రైలాయన ఆమెనే చూస్తున్నాడు. ఒక్కసారి తన వైపు చూస్తుందనుకున్నాడు. థాంక్స్ చెప్పాలని కాదు, ఊరికే ఒక్క చూపు. గది పోగొట్టుకున్నవాడికి ఆ మాత్రం ఆశ ఉండదా? ఆమె గేటు దాకా వెళ్లింది. గడియ తీసింది. అప్పుడు ఆగింది.

"సారూ."

"చెప్పమ్మా" అని పళ్లెంతో సహా రెండడుగులు ముందుకేశాడు.

"గది పోయినా మీరు మానరు, ఇంట్లో కడుగుతారు. నాకు తెలుసు. కొత్తగా వచ్చేదానికి మొదటిరోజే చెప్పండి, ఆ పచ్చముద్దలు మీవని."

"చెప్తాను."

"నలుగురున్నప్పుడు" అని గేటు వేసుకుని వెళ్లిపోయింది.